బ్యాటరీ విజ్ఞానం - పరిశోధకుని ఓర్పు

నేను బి.యస్సీ. రెండో సంవత్సరం చదివే రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. ఆ రోజు ప్రాక్టికల్స్‌లో డేనియల్ ఘటం. ఒక బీకరులో జింకు సల్ఫేట్ ద్రావణం, అందులో జింకు కడ్డీ. మరో బీకరులో మైలుతుత్తం ద్రావణం, అందులో రాగి కడ్డీ. రెండింటినీ కలుపుతూ ఒక లవణ సేతువు. వోల్టేజి 1.10 రావాలి. పుస్తకంలో అంతే ఉంది, సీనియర్ల రికార్డుల్లోనూ అంతే ఉంది. నాకు మాత్రం 1.07 వచ్చింది. కడ్డీలను గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ చూశాను. మళ్ళీ 1.07. పక్క బల్ల దగ్గరి మిత్రుడు, "1.10 వేసెయ్యరా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. వేసేశాను.

మేష్టారు రికార్డు చూశారు. తర్వాత బీకరు వంక చూశారు. "మైలుతుత్తం రంగు ఇంత పలచగా ఉందేమిటోయ్?" అన్నారు. నేను పొరపాటున పదిరెట్లు పలుచన చేసిన ద్రావణం సీసా తీసుకున్నానన్నమాట! ఆయన నాచేత బోర్డు మీద నెర్న్‌స్ట్ సమీకరణం రాయించి లెక్క కట్టించారు. రాగి అయాన్ల గాఢత పదోవంతుకు తగ్గితే వోల్టేజి సుమారు 0.03 తగ్గాలి. అంటే 1.07 రావాలి. "నీ మీటరు నిజమే చెప్పిందోయ్. అబద్ధం రాసింది నువ్వు" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

ఆనాడు సిగ్గుతో తల దించుకున్నాను గానీ, ఆ మాట విలువ తర్వాత తెలిసింది. బ్యాటరీ విజ్ఞానం ఈనాడు సాధించిన ప్రగతి అంతా, తమకు వచ్చిన 'తప్పు' రీడింగును చెరిపెయ్యకుండా రాసిపెట్టినవాళ్ళ వల్లా, దాన్ని చదివి అక్కడి నుంచి ముందుకు నడిచినవాళ్ళ వల్లా వచ్చిందే. ఆ కథను క్లుప్తంగా మన విద్యార్థి మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఘటం పనిచేసే తీరు

1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా వెండి, జింకు బిళ్ళలను జతలు జతలుగా ఒకదానిపై ఒకటి పేర్చి, జతల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి, ఎడతెగని విద్యుత్ ప్రవాహాన్ని ప్రప్రథమంగా సాధించాడు. ఆ సంగతి వివరిస్తూ లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. మన బ్యాటరీలన్నిటికీ ఆ దొంతరే మూలపురుషుడు.

ఇందులోని కిటుకు ఏమిటి? జింకు తన ఎలక్ట్రాన్లను సులభంగా వదులుకునే లోహం. రెండో వైపు ఉన్న పదార్థం వాటిని తీసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. రెండింటినీ నేరుగా కలిపితే చర్య జరిగి వేడి పుడుతుంది, అంతటితో సరి. అలా కాకుండా ఎలక్ట్రాన్లకు బయట తీగ గుండా ఒక దారి, అయాన్లకు లోపల ద్రవం గుండా మరో దారి ఏర్పరిస్తే, తీగలో పోయే ఎలక్ట్రాన్లచేత మనం పని చేయించుకోవచ్చు. అయాన్లు నడిచే ఆ ద్రవాన్నే విద్యుద్విశ్లేష్యం అంటాం. కాబట్టి బ్యాటరీలో దాచేది విద్యుత్తును కాదు, రసాయన శక్తిని. రెండు దారులూ కలిసిపోకుండా కాపాడటమే బ్యాటరీ నిర్మాణంలోని రహస్యమంతా.

1836లో ఇంగ్లండులో డేనియల్ తన ఘటాన్ని తయారుచేశాడు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే రెండు సీసపు రేకులను చుట్టగా చుట్టి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోగల ఘటాన్ని నిర్మించాడు. 1866లో లెక్లాంషే జింకు, మాంగనీస్ డయాక్సైడ్, నవాసాగరం వాడి తయారుచేసిన ఘటమే తర్వాత పొడిగా మారి మన టార్చిలైటు సెల్లు అయింది. ప్లాంటే ఘటం ఈనాటికీ మన ఇళ్ళలోని ఇన్వర్టర్ల కింద, లారీల్లో, ట్రాక్టర్లలో పనిచేస్తూనే ఉంది. నూట అరవై ఏళ్ళు దాటినా చలామణిలో ఉన్న సరుకు అది!

అయితే సీసం బరువైనది. సీసపు బ్యాటరీ కిలో ఒక్కింటికి 30 నుంచి 40 వాట్ అవర్ల శక్తిని మాత్రమే దాచగలదు. పైగా ఛార్జి లేకుండా చాలాకాలం వదిలేస్తే, పలకల మీద సీసం సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి ఇక కరగనంటుంది. సెలవులకు ఊరెళ్ళి వచ్చేసరికి ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయిందని మనం విసుక్కునేది ఇందుకే.

లిథియం ఎందుకు?

ఆవర్తన పట్టికలో మూడో మూలకం లిథియం. లోహాలన్నిటిలో తేలికైనది. పరమాణు భారం సుమారు 7, సాంద్రత నీటిలో దాదాపు సగం. ఎలక్ట్రాన్లను వదులుకోవడంలో దానికి సాటి లేదు. ప్రమాణ పొటెన్షియల్ మైనస్ 3.04 వోల్టులు. తక్కువ బరువు, ఎక్కువ వోల్టేజి - బ్యాటరీకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ వరం వెంటే చిక్కు కూడా వచ్చింది. లిథియం నీటితో చర్య జరుపుతుంది. కనుక నీటి ద్రావణాలు పనికిరావు, కర్బన ద్రవాలు వాడాలి. అవేమో మండే స్వభావం గలవి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఛార్జి చేసేటప్పుడు లిథియం తిరిగివచ్చి లోహపు పలక మీద నున్నగా పరుచుకోదు. మర్రి ఊడలు కిందికి దిగినట్టుగా సన్నని మొలకలై సాగుతుంది. ఆ ఊడ ఒకటి అవతలి పలకను తాకిందంటే లోపలే షార్ట్ సర్క్యూట్. తర్వాత జరిగేది చెప్పనక్కరలేదు.

ముగ్గురి చేతుల మీదుగా

1973 చమురు సంక్షోభ కాలంలో అమెరికాలోని ఎక్సాన్ చమురు కంపెనీ పెట్రోలుకు ప్రత్యామ్నాయాల కోసం అన్వేషణ చేయించింది. అక్కడ స్టాన్లీ విటింగ్‌హామ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు టైటానియం డైసల్ఫైడ్ అనే పదార్థాన్ని పరిశీలించారు. దాని నిర్మాణం పొరలు పొరలుగా ఉంటుంది. చిన్నతనంలో మనం పుస్తకం పుటల మధ్య నెమలీక దాచుకునేవాళ్ళం కదా! పెట్టినా, తీసినా పుస్తకం చిరగదు. లిథియం అయాన్లు ఆ పొరల మధ్యకు అలాగే దూరుతాయి, అలాగే బయటికి వస్తాయి. 1976లో ఆయన ఈ ఫలితాన్ని ప్రకటించారు. వోల్టేజి రెండుకు పైన వచ్చింది. కానీ రెండో వైపు లిథియం లోహం ఉంది. ఊడలు దిగాయి, మంటలు లేచాయి, అగ్నిమాపక దళం రావలసి వచ్చింది. 1980 దశాబ్దం ఆరంభంలో చమురు ధర పడిపోగానే కంపెనీ ఆ పనికి స్వస్తి చెప్పింది.

ఇక్కడితో కథ ముగిసిపోవలసింది. ముగియలేదు. ఎందుకని? ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో రెండూ కాగితం మీద ఉన్నాయి కనుక.

ఆ కాగితాన్ని ఆధారం చేసుకున్నవారు జాన్ గుడెనఫ్. ఈయన జీవితం మన విద్యార్థులు తెలుసుకోదగ్గది. 1922లో జన్మించారు. చిన్నప్పుడు చదవడమే కష్టంగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో వాతావరణ శాస్త్రజ్ఞునిగా పనిచేసి, ఆ తర్వాత భౌతికశాస్త్రం చదవడానికి షికాగో విశ్వవిద్యాలయానికి వెళితే, ఈ శాస్త్రంలో గొప్ప పనులు చేసినవాళ్ళంతా నీ వయసుకే చేసేశారని అక్కడి ఆచార్యుడొకరు అన్నారట. ఆయన వెనుదిరగలేదు. 1976లో, యాభై నాలుగో ఏట, ఆక్స్‌ఫర్డ్‌లో అకర్బన రసాయన ప్రయోగశాలకు అధిపతి అయ్యారు. సల్ఫైడ్ బదులు ఆక్సైడ్ వాడితే వోల్టేజి పెరగాలి అన్నది ఆయన తర్కం. 1980లో సహచరులతో కలిసి లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను ప్రకటించారు. నాలుగు వోల్టులు! అయితే అందులోని లిథియంలో సుమారు సగమే సురక్షితంగా తీసి పెట్టవచ్చు. అంతకు మించి లాగితే పుస్తకమే చెదిరిపోతుంది. విశ్వవిద్యాలయం పేటెంటు మీద ఆసక్తి చూపలేదు. కోట్ల వ్యాపారానికి మూలమైన ఆ ఆవిష్కరణ మీద ఆయనకు రాయల్టీ రాలేదు.

మూడో చేయి జపానులో ఉంది. అసాహి కసై కంపెనీలో పనిచేసే అకిరా యోషినో దగ్గర రుణ ధ్రువానికి పనికివచ్చే పదార్థం ఉంది, దానికి జత కుదిరే ధన ధ్రువం లేదు. 1982 ఏడాది చివర్లో గది శుభ్రం చేసుకుంటూ, చదవకుండా పక్కన పడేసిన కాగితాల్లో గుడెనఫ్ వ్యాసం చూశారు. జత కుదిరింది. 1985 నాటికి పెట్రోలియం నుంచి తీసిన కోక్ బొగ్గును రుణ ధ్రువంగా వాడి, లోహపు లిథియమే లేని బ్యాటరీని తయారుచేశారు. బొగ్గులోనూ పొరలున్నాయి. ఛార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ఇటు, వాడినప్పుడు అటు - ఉయ్యాలబల్ల ఊగినట్టు. యోషినో అంతటితో తృప్తిపడలేదు. తన బ్యాటరీల మీద ఇనుప దిమ్మెను పడేయించి పరీక్షించారు. లిథియం లోహమున్న బ్యాటరీ భగ్గుమంది. తనది మండలేదు. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్టులోకి తెచ్చింది.

2019లో ఈ ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97. నోబెల్ అందుకున్నవారిలో అందరికంటే పెద్దవారు ఆయనే. ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం చదివింది ఎవరో తెలుసా? తమిళనాడులో పుట్టి, మద్రాసు ఐ.ఐ.టి.లో డాక్టరేటు చేసి, ఆయన దగ్గర పనిచేయడానికి వెళ్ళిన అరుముగం మంతిరామ్. 2023 జూన్‌లో, నూరేళ్ళ వయసులో, గుడెనఫ్ కన్నుమూశారు.

లోపం దాచని వ్యాసం

కోబాల్ట్ ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. ఇనుమైతే కావలసినంత ఉంది. 1980 దశాబ్దం చివర్లో మంతిరామ్, గుడెనఫ్‌లు ఆక్సైడ్‌కు బదులు సల్ఫేట్ వంటి సమూహాలు వాడితే ఇనుముతో కూడా మంచి వోల్టేజి రాబట్టవచ్చని చూపించారు. ఆ దారిలోనే 1997లో అక్షయ పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయులు గుడెనఫ్‌తో కలిసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మీద వ్యాసం ప్రచురించారు.

ఆ వ్యాసంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. పదార్థం చవక, విషం కాదు అంటూనే, తమ ప్రయోగాల్లో లిథియంలో కొంతభాగమే బయటికి వచ్చిందని, ప్రస్తుతానికి ఇది తక్కువ విద్యుత్ ప్రవాహం చాలిన పనులకే తగునని వాళ్ళు స్పష్టంగా రాశారు. 1.07 వచ్చిన చోట 1.10 వేయలేదు! అందువల్ల తర్వాతివాళ్ళకు పట్టు ఎక్కడ పట్టాలో తెలిసింది. పదార్థం గుండా ఎలక్ట్రాన్లు సరిగా నడవడం లేదు, అదీ జబ్బు. రేణువులను బాగా చిన్నవి చేసి, వాటిపై పలుచని కార్బన్ పూత పూస్తే జబ్బు కుదిరింది. తక్కువ పనులకే తగునన్న ఆ పదార్థం, 2024 నాటికి, ప్రపంచంలో విద్యుత్ కార్లలో వాడే బ్యాటరీల సామర్థ్యంలో దాదాపు సగం ఆక్రమించింది. కిలోవాట్ అవర్ ఒక్కింటికి 2010లో వెయ్యి డాలర్లకు పైబడి ఉన్న బ్యాటరీ ధర 2024కు 120 డాలర్ల లోపుకు దిగిరావడంలో ఇలాంటి పదార్థాల పాత్ర కూడా ఉంది.

ఇంకా మిగిలిన పని

ఇదంతా చదివి, ఇక చేయడానికేముంది అనుకోకండి. ఉన్నది చాలా ఉంది. మంచి లిథియం అయాన్ ఘటం కిలోకు 250 వాట్ అవర్ల చుట్టూ దాచగలిగితే, పెట్రోలులో కిలోకు సుమారు 12,000 ఉంది. మోటారు పెట్రోలు ఇంజనుకంటే శక్తిని ఎంతో పొదుపుగా వాడుతుంది గనుక బ్యాటరీ బండి నడుస్తోంది గానీ, తేడా తేడాయే. శక్తి పెంచబోతే భద్రత తగ్గుతుంది. భద్రత పెంచబోతే ధర పెరుగుతుంది. త్వరగా ఛార్జి చేయబోతే ఆయుష్షు తగ్గుతుంది. పొట్టి దుప్పటి తలకు లాగితే కాళ్ళకు చాలని సామెతగా ఉంది వ్యవహారం.

ఒక దారి సోడియం. ఉప్పులో ఉన్న సోడియానికి కొదవ లేదు. రాగి రేకు బదులు చవకైన అల్యూమినియం రేకు సరిపోతుంది. కానీ సోడియం అయాను పెద్దది. గ్రాఫైట్ పొరల్లో సరిగా ఇమడదు. అందుకని పొరలు చిందరవందరగా ఉండే గట్టి కార్బన్ వాడతారు. దాన్ని కొబ్బరి చిప్పల నుంచి కూడా తయారుచేయవచ్చు. కోనసీమలో పొయ్యిలో పెట్టే చిప్ప బ్యాటరీలోకి వెళ్ళగలదంటే వింతే కదా!

రెండో దారి, మండే ద్రవం బదులు ఘన విద్యుద్విశ్లేష్యం. 2011లో జపాను శాస్త్రజ్ఞులు ద్రవాలతో సమానంగా లిథియం అయాన్లను నడిపే ఘనపదార్థాన్ని ప్రకటించారు. అయితే ఘనానికీ ఘనానికీ మధ్య అతుకు సరిగా కుదరదు, పగుళ్ళలోంచి ఊడలు మళ్ళీ దిగుతున్నాయి.

మూడోది, పాత బ్యాటరీల నుంచి లోహాలను తిరిగి రాబట్టడం. మన దేశంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. తక్కువ ఖర్చులో, తక్కువ కాలుష్యంతో ఆ పని చేసే రసాయన పద్ధతి కావాలి. అది కనిపెట్టవలసింది రసాయనం చదివినవాళ్ళే.

పరిశోధకునికి ఏమి కావాలి?

మనవాళ్ళకు ఈ రంగంలో చోటు లేదనుకోవడం పొరపాటు. తమిళనాడులోని కారైక్కుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఉంది. 1953లో దాన్ని ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 2013లో లిథియం బ్యాటరీల రుణ ధ్రువ పదార్థాల మీద 'కెమికల్ రివ్యూస్' పత్రికలో ఒక పెద్ద సమీక్షా వ్యాసం వచ్చింది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం నుంచి దాన్ని రాసినవారు ఎం.వి. రెడ్డి, జి.వి. సుబ్బారావు, బి.వి.ఆర్. చౌదరి. పేర్లు చూస్తేనే మనకు ఉత్సాహం కలుగుతుంది.

అయినా మన ఎం.యస్సీ. విద్యార్థులు పరిశోధన అనగానే ఎందుకు జంకుతున్నారు? కారణం తెలివి చాలక కాదు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు బ్యాటరీ పదార్థాల మీదే పరిశోధనకు చేరాడు. చురుకైనవాడు. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు చేశారు. మొత్తం బాగానే ఉంది. కానీ అతని చేతికి ఎనిమిది నెలలు ఒక్క పైసా రాలేదు. పండక్కి ఇంటికి వెళితే తండ్రి, "ఇంకా ఎన్నేళ్ళురా ఈ చదువు? చెల్లి పెళ్ళి కూడా చూసుకోవాలి" అన్నాడట. తండ్రిది తప్పనలేం. కుర్రవాడు పరిశోధన మానేసి ఉద్యోగంలో చేరాడు. అతని నోటుపుస్తకంలో ఏడాదిన్నర కొలతలు సగంలో ఆగిపోయి ఉన్నాయి. వాటిని అందుకునే చేయి లేదు.

ప్రోత్సాహమంటే శాలువా కప్పడం కాదు. ఫెలోషిప్ నెలనెలా అందాలి. ఆర్నెల్లకే ఫలితం చూపమనకుండా వ్యవధి ఇవ్వాలి. లిథియంతో పనిచేయడానికి తేమ, ఆక్సిజన్ దాదాపు లేని ఆర్గాన్ పెట్టె కావాలి; అది ప్రతి కళాశాలా కొనలేదు. ఉన్న సంస్థ లేని కళాశాల విద్యార్థికి వారానికొక రోజు తలుపు తీస్తే చాలు. అన్నిటికంటే ముఖ్యం, పనిచేయని పదార్థం గురించి రాసిన మంచి కొలతను కూడా పనిగానే గుర్తించాలి. విటింగ్‌హామ్ మంటలు లేకపోతే యోషినో బొగ్గు లేదు.

విద్యార్థులుగా మీరు చేయగలిగింది కూడా ఉంది. ఆర్గాన్ పెట్టె వచ్చేదాకా ఆగనక్కరలేదు. నీటి ద్రావణాలతో పనిచేసే జింకు బ్యాటరీల మీద ఈనాడు ప్రపంచమంతా పరిశోధన సాగుతోంది. జింకు పలక మీద కూడా ఊడలు పెరుగుతాయి. జింకు రేకు, జింకు సల్ఫేట్, ఒక మల్టీమీటరు, ఒక మామూలు సూక్ష్మదర్శిని - ఇవి మన ప్రయోగశాలలోనే ఉన్నాయి. విద్యుత్ ప్రవాహం పెంచితే ఊడ ఎలా పెరుగుతుంది? గాఢత మారిస్తే ఏమవుతుంది? చూడండి, కొలవండి, రాయండి.

రాసేటప్పుడు మాత్రం, పుస్తకంలో ఉన్న అంకె వేయకండి. మీకు వచ్చిన అంకె వేయండి. ఎందుకు అలా వచ్చిందో మీకు అంతుబట్టకపోతే, మీ తర్వాత ఆ బల్ల దగ్గర నిలబడేవాడికి అంతుబట్టవచ్చు. మా మేష్టారు ఈనాడు లేరు. ఆ రికార్డు పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. 1.10 కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో ఆయన వేసిన 1.07 అందులో చెక్కుచెదరలేదు.